మీకు తారసపడిన అరుదైన భాషల్లో మిమ్మల్ని బాగా ఆశ్చర్యపరిచినది ఏది?

ఇలా అడిగితే చాలామంది వింత శబ్దాల గురించి చెబుతారు. 80కి పైగా హల్లులతో, రెండే అచ్చులతో నెగ్గుకొచ్చిన ఉబిఖ్ భాష నిజంగానే అద్భుతం. దాన్ని ధారాళంగా మాట్లాడగల చివరి మనిషి తెవ్‌ఫిక్ ఎసెంచ్ 1992లో టర్కీలో కన్నుమూశారు. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది ఒక సర్వనామం.

పాపువా న్యూ గినీ నుంచి వచ్చిన ఒకాయన, నేను రెండేళ్లు పక్కపక్క బల్లల దగ్గర పనిచేశాం. ఒక మధ్యాహ్నం ఆయన ఇంగ్లీషులో 'భోజనానికి వెళ్తున్నాం' అన్నారు. నన్నూ కలిపే అన్నారనుకుని లేచాను. తీరా చూస్తే వెళ్తున్నది ఆయన, మరో స్నేహితుడు. నా ముఖం చూసి నవ్వేశారు. 'మా దేశంలో వేర్వేరు ఊళ్లవాళ్లం మాట్లాడుకునే టోక్ పిసిన్ భాషలో ఈ చిక్కు రాదు. వింటున్నవాళ్లను కలిపితే యుమి, కలపకపోతే మిపెల' అన్నారు.

మన 'మనం', 'మేము'! పట్టరాని సంబరం కలిగింది. అక్కడితోనూ ఆగలేదు. మనమిద్దరమే అయితే 'యుమితుపెల', ముగ్గురమైతే 'యుమిత్రిపెల'. ముక్కలన్నీ ఇంగ్లీషువే: యు, మి, టు, త్రీ, ఫెలో. కూర్పు మాత్రం ఆ దీవుల పాత భాషలది. ఇంగ్లీషు ఇటుకలతో ఇంగ్లీషులో లేని గది కట్టుకున్నారు.

ఆ ఒక్క దేశంలోనే 800కు పైగా భాషలున్నాయి. ఆయన ఊరి భాష వేరు, భార్య ఊరి భాష వేరు. ఇంట్లో టోక్ పిసిన్ మాట్లాడుకునేవారు, పిల్లలకు వచ్చిందీ అదే. చిన్న భాషను మింగేది ఎప్పుడూ ఇంగ్లీషే అనుకునేవాణ్ణి. నాకు అంత నచ్చిన యుమి కూడా ఆ పని చేస్తోందని అప్పుడే తెలిసింది.

ఆ పిచ్చిలో ఆస్ట్రేలియాలోని గూగు యిమిథిర్ గురించి చదివాను. 'కంగారూ' అనే మాటను 1770లో ఇంగ్లీషు నావికుడు జేమ్స్ కుక్ బృందం రాసుకున్నది ఈ భాష నుంచే. అందులో సంప్రదాయంగా కుడి, ఎడమ అనరు, అన్నిటికీ దిక్కులే. నేనూ వారం రోజులు అలా మాట్లాడాలని పూనుకున్నాను. 'నీ పడమటి చేతిలోని కప్పు ఇలా ఇవ్వు' అంటే ఇంట్లోవాళ్లు ఓపిగ్గానే భరించారు. నాకే లిఫ్టు దిగేసరికి ఉత్తరం మాయమయ్యేది. మూడో రోజుకు వదిలేశాను.

ఆయన ఉద్యోగం మారి వెళ్లే రోజున నా బల్ల దగ్గరికి వచ్చి, భోజనానికి పిలుస్తూ 'యుమితుపెల' అన్నారు. ఇంకెవరైనా వస్తున్నారా అని అడగకుండానే లేచాను.