మేనరికం, తలసీమియా: అత్తగారికి ఎలా చెప్పాలి?

మేనబావతో పెళ్లయి మొదటి బిడ్డకు తలసీమియా మేజర్ (రక్తం సరిగా తయారవక, తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే జన్యు జబ్బు) వస్తే, అత్తగారు "మా వంశంలో ఎవరికీ లేదు, దోషం కోడలిదే" అంటున్నారని రాశారు. మేనరికంలో మీ వంశం, మా వంశం ఏముందండీ! మేజర్ వచ్చిందంటే లోపమున్న జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చినట్టే. క్యారియర్లు, అంటే అలాంటి జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లు, ఆరోగ్యంగానే తిరుగుతారు కాబట్టి పెద్దవాళ్లకు తెలియలేదు.

"నలుగురిలో ఒకరికన్నారుగా, వచ్చేసింది, ఇక రాదు" అనే మాట నమ్మకండి. ప్రతి కాన్పుకూ 25 శాతం అవకాశం మళ్లీ ఉంటుంది. ఆ జన్యు మార్పేదో గర్భానికి ముందే మీ ఇద్దరి రక్తపరీక్షల్లో తేల్చుకుంటే, 11-13 వారాల్లో మాయ నుంచి నమూనా తీసి బిడ్డకు ఉందో లేదో చూస్తారు.

జన్యు కౌన్సెలింగ్‌కు (వంశపారంపర్య జబ్బుల గురించి నిపుణులిచ్చే సలహాకు) అత్తగారినీ తీసుకెళ్లండి. వంశవృక్షం గీసేటప్పుడు పాత సంగతులు ఆవిడనే చెప్పమనండి. ఇంటి పెద్దగా అడిగితే చాలామంది మెత్తబడతారు, మీకూ సగం టెన్షన్ తగ్గుతుంది.