మునిగిన ఊరు పాత పటంలో ఎక్కడుంది?

ప్రశ్న: కృష్ణ ఒడ్డున ఉన్న మా తాతగారి ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది. అప్పటికి మా నాన్నగారికి పన్నెండేళ్లు. ఊరి పేరు, ఒక గుడి, ఏరు దాటించే పుట్టి తప్ప ఆయనకు ఇప్పుడు మరేమీ స్పష్టంగా గుర్తు లేవు. పాత సర్వే పటాల్లో ఆ ఊరు కనిపిస్తుందా? కనిపిస్తే మా కుటుంబం గురించి దానివల్ల ఏమైనా తెలుస్తుందా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: కనిపిస్తుంది. శ్రీశైలం ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగినా నీళ్లు ఊళ్ల మీదికి వచ్చింది 1980ల తొలినాళ్లలోనే. అంతకు ముందు సర్వే చేసి గీసిన టోపోషీట్లలో (నేల ఎత్తులు, దారులు, ఊళ్లు చూపే సర్వే పటాల్లో), ఆ తరువాత ఖాళీ అయిన వందకు పైగా గ్రామాలు తమ దారులతో, బావులతో, గుళ్లతో ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అయితే షీటు మూలన ఉన్న ముద్రణ సంవత్సరాన్ని చూసి తృప్తి పడకండి. అంచున సర్వే జరిగిన సంవత్సరం విడిగా ఉంటుంది, మీకు కావలసింది అది.

ముందుగా షీటు నంబరు తెలియాలి. సర్వే ఆఫ్ ఇండియా దేశాన్ని నాలుగేసి డిగ్రీల గడులుగా విభజించి ఒక్కొక్క గడికి ఒక అంకె ఇచ్చింది. ఆ గడిని పదహారు భాగాలు చేసి ఏ నుంచి పీ వరకు అక్షరాలు పెట్టి, ఒక్కొక్క భాగాన్ని మళ్లీ పదహారు చేసి 1 నుంచి 16 వరకు అంకెలు వేసింది. ఈ లెక్కన కర్నూలు, అలంపురం రెండూ 57 ఐ/1 షీటులోకి వస్తాయి. ఒక షీటులో పట్టేది అటూ ఇటూ సుమారు 27 కిలోమీటర్ల నేల మాత్రమే. అందువల్ల తూర్పున ఉన్న 57 ఐ/5, ఉత్తరాన ఉన్న 56 ఎల్/4, 56 ఎల్/8 షీట్లను కూడా పక్కపక్కన పరచుకుని వెతకడం మంచిది. ఇప్పుడు సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో దొరికే కొత్త షీట్లలో ఆ చోట నీలం రంగు తప్ప మరేమీ ఉండదు. మైలుకు ఒక అంగుళం చొప్పున గీసిన పాత షీట్లు కావాలి. వాటి కోసం పాత విశ్వవిద్యాలయాల భూగోళశాస్త్ర విభాగాల్లోనూ గ్రంథాలయాల్లోనూ అడగండి. ఈలోగా చూసుకోవడానికి, 1950లలో అమెరికా సైన్యం భారతదేశానికి తయారు చేసిన పటాలను టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. వాటిలో ఒక సెంటీమీటరు రెండున్నర కిలోమీటర్లకు సమానం కాబట్టి వీధులు, బావులు తెలియవు కానీ, ఊరు నది ఏ వంపు దగ్గర ఉండేదో తెలుస్తుంది.

షీటు చేతికి వచ్చాక ఊరి పేరు దగ్గరే ఆగిపోకండి, ఎత్తుల గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) చూడండి. పాత షీట్లలో ఇవి సాధారణంగా 50 అడుగులకు ఒకటి చొప్పున గోధుమ రంగులో ఉంటాయి. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. కనుక 850, 900 అడుగుల గీతలను పెన్సిలుతో దిద్దితే వాటి నడుమ ఎక్కడో నీటి అంచు పడుతుంది. మీ ఊరు ఆ రెండు గీతల మధ్య ఉన్నదైతే, వేసవిలో మట్టం పడిపోయినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడినట్లే, మీ ఊరి మొండిగోడలూ బయటపడే అవకాశం ఉంది. జలాశయం మట్టం పత్రికల్లో వస్తూనే ఉంటుంది కాబట్టి నాన్నగారిని ఎప్పుడు తీసుకువెళ్లాలో మీరే నిర్ణయించుకోవచ్చు. గుడి మాత్రం అక్కడ లేకపోవచ్చు. కూడవెల్లి సంగమేశ్వరాలయం (పైన చెప్పిన సంగమేశ్వరం గుడి వేరు) వంటి కొన్నింటిని మునకకు ముందే రాయి రాయి విప్పి అలంపురానికి తరలించారు.

ఇక పుట్టి సంగతి. ఊరి నుంచి బయలుదేరిన బండిబాట ఏటి ఒడ్డున ఆగిపోయి, అవతలి గట్టున మళ్లీ మొదలైతే అదే మీ నాన్నగారు చెప్పిన రేవు. పాత షీట్లలో ఇటువంటి చోట పడవ దాటు అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. కుటుంబ చరిత్రకు ఇంతకంటె విలువైన గుర్తు పటంలో మరొకటి లేదని నా అభిప్రాయం, ఎందుకంటే పెళ్లి సంబంధాలు ఆ బాట వెంటే నడిచాయి. మీ నాయనమ్మగారో, ఆమె అత్తగారో అవతలి గట్టు ఆడపడుచు అయి ఉంటే వారి పుట్టింటి కాగితాలు కర్నూలులో దొరకవు. ఇవతలి గట్టు మద్రాసు ప్రభుత్వానిది, అవతలిది నిజాముది. అలంపురం 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేది. ఇటువైపు అడంగల్ (ఏటేటా రాసే పొలాల లెక్క), ఇనాము (దానంగా ఇచ్చిన) భూమి అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు అడగాలి. అటువైపు సేత్వార్ (మొదటి సర్వే నాటి భూముల రిజిస్టరు), పహాణీ (అడంగల్ వంటిదే) అడగాలి.

టోపోషీటులో మనుషుల పేర్లు ఉండవు. పేర్లు కావాలంటే ఆ గ్రామ నక్షా (సర్వే నంబర్లు చూపే ఊరి పటం), దానితోపాటు మునక భూములకు పరిహారం ఇచ్చినప్పటి భూసేకరణ అవార్డు (పరిహారం నిర్ణయించిన ఉత్తర్వు) చూడాలి. అవార్డులో సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరు, విస్తీర్ణం ఉంటాయి. వాటిని నక్షా మీద గుర్తించుకుంటే తాతగారి చేను ఏ వాగు పక్కన ఉండేదో తేలుతుంది.

ఆఫీసుల చుట్టూ తిరగడానికి ముందు మరొక పని చేయండి. ఆ ఊరి భాగాన్ని బాగా పెద్దది చేసి అచ్చు వేయించి, పునరావాస కాలనీలో ఉన్న పెద్దల ముందు పరచండి. ఒకసారి నేను అలాగే చేసినప్పుడు ఎనభై దాటిన ఒక అవ్వ, అక్షరాలు రాకపోయినా, వాగు మెలిక మీద వేలు పెట్టి, "ఇది చాకిరేవు, ఈడ నుంచి పైకొస్తే మా పెదనాయన ఇల్లు" అన్నది. అక్కడి నుంచి వరసగా ఏడు ఇళ్ల వారి పేర్లు చెప్పింది. ఆ ఏడు పేర్లూ ఏ కాగితంలోనూ ఒక్కచోట లేవు. "మీ ఇల్లు ఎక్కడ?" అని అడిగితే పెద్దలు తడబడతారు, "నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు?" అని అడగండి. ఈ పని ఈ వేసవిలోనే చేయండి, దయచేసి వాయిదా వేయకండి.

ప్రశ్న: మా ఇంటిపేరు ఒక ఊరి పేరే అంటారు. ఆ పేరుతో ఇప్పుడు ఊరేదీ కనిపించడం లేదు. పాత పటాలు పనికివస్తాయా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పనికివస్తాయి. పాత టోపోషీట్ల గుర్తుల పట్టికలో జనం ఉన్న ఊరికి ఒక గుర్తు, జనం విడిచిపోయిన ఊరికి మరొక గుర్తు ఉంటాయి. రెవెన్యూ లెక్కల్లో అటువంటి ఊరిని బేచిరాగ్ గ్రామం అంటారు. దీపం లేని ఊరు అని ఆ మాటకు అర్థం. జనం పోయినా సర్వే నంబర్లు ఆ పేరు మీదే కొనసాగుతాయి కాబట్టి మండల కార్యాలయంలో రెవెన్యూ గ్రామాల జాబితా అడిగి చూడండి. పేరును ఇంగ్లీషులో రాసిన తీరును బట్టి కూడా వెతకాలి. ఏలూరును ఎల్లోర్ అనీ, విజయవాడను బెజవాడ అనీ రాసిన రోజులవి. ఒకే పేరుతో మూడు నాలుగు ఊళ్లు దొరికితే తొందరపడి ఒకదానిని మీదిగా అనుకోకండి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ, తన దగ్గర పనిచేసిన కావలి సోదరుల సహాయంతో సేకరించిన గ్రామ కైఫీయతుల్లో (ఊరి చరిత్రల్లో) గుంటూరు జిల్లావి అచ్చయ్యాయి. ఏ ఊరిని ఎవరు ఎవరికి అగ్రహారంగా ఇచ్చారో వాటిలో ఉంటుంది. దాన్ని మీ గోత్రంతోనూ శాఖతోనూ సరిచూసుకోండి.

ప్రశ్న: పాత షీటును ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే మా ఊరి గుడి దాని చోట కాక పక్కనున్న పొలంలో పడుతోంది. పటం తప్పా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: పటం తప్పు కాదు. పాత షీట్లు జార్జ్ ఎవరెస్ట్ 1830లో లెక్కగట్టిన భూగోళ కొలతల మీద ఆధారపడ్డాయి, మీ ఫోను వేరే కొలతలు వాడుతుంది. అందుకే షీటు మొత్తం ఒకే వైపుకు జరిగినట్లు కనిపిస్తుంది. కదలని గుర్తులు మూడు నాలుగు ఎంచుకుని వాటిని కలపండి. కొండ శిఖరం మీద త్రిభుజం గుర్తు ఉంటే అది అన్నిటికంటె నమ్మకమైనది, ఆ తరువాత రైలు వంతెన, పాత చెరువు కట్ట. ఏటి ఒడ్డును మాత్రం ఆధారంగా తీసుకోకండి.