టెక్ సందేహాలు: ఇంటి సిమ్యులేటర్‌కి ఎయిర్‌బస్ తయారు చేయాలంటే

ప్రశ్న: మేం ముగ్గురం బీటెక్ మూడో ఏడాది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఎ320 బాగా నడుపుతాం. అచ్చం అసలు విమానంలా పనిచేసే ఎయిర్‌లైనర్ యాడ్-ఆన్ (సిమ్యులేటర్‌కి అదనంగా తగిలించే విమానం) సొంతంగా చేయాలని ఉంది. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో బయటి మోడల్ సగం అయింది. ఇప్పుడు ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి? – కంప్యూటర్ సైన్స్ విద్యార్థి, విజయవాడ

జవాబు: ముందు బ్లెండర్‌ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. రెక్కలు, కిటికీలు ఎంత అందంగా వచ్చినా పైలట్ సీట్లో కూర్చున్నవాడికి అవి కనిపించేది తక్కువ. స్విచ్ నొక్కితే లైటు వెలిగించడం కూడా పెద్ద పని కాదు. ఆ లైటుకి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, అది పోతే దాంతోపాటు ఇంకేం పోతాయి అన్నది మీ ప్రోగ్రామ్‌కి తెలియాలి. కష్టమంతా అక్కడే, ఆనందం కూడా అక్కడే.

ఎ320 కరెంటు సంగతే తీసుకోండి. రెండు ఇంజిన్లకీ చెరో 90 కేవీఏ (కరెంటు సామర్థ్యపు కొలత) జనరేటర్ ఉంటుంది. ఒకటి ఆగితే రెండోదే మొత్తం భారం మోస్తుంది, వంటగది లోడ్ కొంత దానంతటదే కట్ అవుతుంది. రెండూ పోయాయనుకోండి, వేగం 100 నాట్లు దాటి ఉంటే విమానం పొట్ట కింది నుంచి ర్యామ్ ఎయిర్ టర్బైన్ అనే చిన్న ఫ్యాను బయటికొస్తుంది. గాలికి అది తిరిగి బ్లూ హైడ్రాలిక్ సిస్టమ్‌కి (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే మూడు వ్యవస్థల్లో ఒకటి) ప్రెజర్ ఇస్తుంది, ఆ ప్రెజర్‌తో 5 కేవీఏ ఎమర్జెన్సీ జనరేటర్ తిరుగుతుంది. అది అందుకునే ఆ కొన్ని సెకన్లు బ్యాటరీలే ఆధారం. కో-పైలట్ ముందున్న స్క్రీన్లు ఆరిపోతాయి, కెప్టెన్ ముందున్న ప్రైమరీ డిస్‌ప్లే మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ‘జనరేటర్లు పోతే ఈ స్క్రీన్లు ఆపెయ్’ అని ఒక ఇఫ్ కండిషన్ రాసేస్తే ఇదంతా వచ్చినట్టే అనిపిస్తుంది. కానీ రేపు హైడ్రాలిక్ లీక్ ఫెయిల్యూర్ పెట్టిన రోజు ఆ కోడ్ మొత్తం తప్పు చెబుతుంది. బ్లూ సిస్టమ్‌లో ఆయిల్ లేకపోతే ఫ్యాను తిరిగినా కరెంటు రాదు కదా. ప్రతి బస్ (కరెంటు పంచే లైను), ప్రతి పంపు, ప్రతి వాల్వ్ విడివిడి భాగాలుగా రాసుకుని, ఒకదానికొకటి కలుపుకుంటూ పోతే ఈ ఫలితాలు వాటంతటవే వస్తాయి.

ఇంకో ఉదాహరణ. ఎ320లో ప్రయాణించినవాళ్లకి రెండో ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు కాళ్ల కింద కుక్క మొరిగినట్టు చప్పుడు వినిపించే ఉంటుంది. అది పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్, అంటే ఒక హైడ్రాలిక్ సిస్టమ్ ప్రెజర్‌తో ఇంకోదానికి ప్రెజర్ ఇచ్చే భాగం. గ్రీన్, యెల్లో హైడ్రాలిక్ సిస్టమ్‌ల మధ్య ప్రెజర్ తేడా 500 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దాటితే నడుస్తుంది. మొదటి ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు సిస్టమే దాన్ని ఆపి ఉంచుతుంది, రెండోదాని దగ్గర అదే తనను తాను పరీక్షించుకుంటుంది. చాలామంది ఇంజిన్ స్టార్ట్‌కి ఒక సౌండ్ ఫైలు తగిలించి ఊరుకుంటారు. మీరు ప్రెజర్‌నే లెక్కగట్టండి. అప్పుడు ఒక్క ఇంజిన్‌తో టాక్సీ చేస్తున్నప్పుడు (నేల మీద నడుపుతున్నప్పుడు) కూడా ఆ మొరుగుడు సరైన చోట దానంతటదే వినిపిస్తుంది. మొదటిసారి అలా విన్నప్పుడు కలిగే సంతోషం మీకూ దక్కాలని నా కోరిక.

ఇక లాంగ్వేజ్‌లు. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో సిస్టమ్‌లని సీ ప్లస్ ప్లస్ లేదా రస్ట్‌లో రాసి వెబ్ అసెంబ్లీగా (సిమ్ లోపల నడిచే రూపంలోకి) కంపైల్ చేస్తారు. కాక్‌పిట్ స్క్రీన్లు హెచ్‌టీఎమ్‌ఎల్, జావాస్క్రిప్ట్‌తో నడుస్తాయి. ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్ అయితే సీ ప్లగిన్లు, లూవా లాంగ్వేజ్. ఫెనిక్స్ సంస్థ అమ్మే ఎ320 యాడ్-ఆన్‌లో సిస్టమ్‌ల లెక్కలన్నీ సిమ్ బయట వేరే ప్రోగ్రామ్‌గా నడుస్తాయి. మీరు ఏ దారి పట్టినా ఒక మాట గట్టిగా చెబుతాను: సిస్టమ్‌ల కోడ్‌ని సిమ్‌తో సంబంధం లేని లైబ్రరీగా రాయండి. సిమ్ లోడయ్యేదాకా నిమిషాల తరబడి కూర్చోకుండా కమాండ్ లైన్‌లోనే టెస్టులు నడుపుకోవచ్చు. ప్రతి లెక్కలోనూ గడిచిన సమయాన్ని గుణించడం మర్చిపోవద్దు. లేదంటే సెకనుకు 60 ఫ్రేమ్‌లు వచ్చే కంప్యూటర్‌లో హైడ్రాలిక్ ప్రెజర్ గబగబా పెరిగి, 20 వచ్చే ల్యాప్‌టాప్‌లో నత్తనడక నడుస్తుంది.

ముగ్గురే కలిసి మొత్తం విమానం చేయడం చాలా బరువైన పని. ఫ్లైబైవైర్ బృందం ఎ32ఎన్ఎక్స్ అనే ఎ320 యాడ్-ఆన్‌ని 2020 నుంచి ఉచితంగా, ఓపెన్ సోర్స్‌లో చేస్తోంది. సిస్టమ్‌లు రస్ట్‌లో, స్క్రీన్లు టైప్‌స్క్రిప్ట్‌లో ఉంటాయి. గిట్‌హబ్‌లో కోడ్ మొత్తం చదువుకోవచ్చు. ముందు అందులో ఒక చిన్న బగ్ సరిచేసి పంపండి. మీ కోడ్‌ని అనుభవజ్ఞులు తిరగేసి చూస్తారు, ఆ దిద్దుబాట్లు ఏ కోర్సులోనూ దొరకవు. ఆ తర్వాత మీ సొంత విమానానికి రండి.

ప్రశ్న: ఎయిర్‌లైన్ మాన్యువల్స్ పీడీఎఫ్‌లు నెట్‌లో దొరుకుతున్నాయి. యాడ్-ఆన్ కోసం వాడుకోవచ్చా? – వరంగల్

జవాబు: ఎక్కడి నుంచో లీకైన మాన్యువల్ ఆధారంగా అమ్మే వస్తువు తయారు చేయకండి. ధర్మంగా దొరికే సమాచారమే బోలెడు ఉంది. ఈఏఎస్ఏ (యూరప్), ఎఫ్ఏఏ (అమెరికా) విమాన భద్రతా సంస్థలు ప్రతి విమానానికీ ఇచ్చే టైప్ సర్టిఫికెట్ డేటా షీట్లలో బరువులు, వేగాల పరిమితులు, ఇంజిన్ వివరాలు ఉంటాయి. నా దృష్టిలో అంతకంటే విలువైనవి ప్రమాద దర్యాప్తు నివేదికలు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దిగిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549 అనే ఎ320 విమానం మీద అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఇచ్చిన నివేదిక చదవండి. పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ పనికిరాకుండా పోయిన వెంటనే కెప్టెన్ ఏపీయూ (కరెంటు ఇచ్చే చిన్న సహాయక ఇంజిన్) ఆన్ చేశారు. కరెంటు నిలిచింది, విమానం చివరిదాకా ‘నార్మల్ లా’లోనే (కంట్రోల్ కంప్యూటర్ల రక్షణలన్నీ పనిచేసే స్థితిలోనే) ఉంది. మీ మోడల్‌లో అదే పరిస్థితి పెట్టి, ఒకసారి ఏపీయూతో, ఒకసారి ఏపీయూ లేకుండా నడిపి చూడండి. రెండుసార్లూ ఒకే ఫలితం వస్తే ఎక్కడో వైరు తప్పు కలిపారన్నమాట. తెలిసిన పైలట్ ఉంటే ‘ఎలా ఉంది?’ అని అడగొద్దు. ‘ఈ స్విచ్ వేశాక ఆ మెసేజ్ ఎన్ని సెకన్లకి వస్తుంది?’ అని అడగండి. తయారీదారు పేరు, లోగో వాడాలంటే లైసెన్సు సంగతి విడిగా చూసుకోవాలి.

ప్రశ్న: మామూలు చిన్న విమానాల్లో బాగానే ఉంది కానీ ఎయిర్‌లైనర్ యాడ్-ఆన్ వేస్తే ఫ్రేమ్‌లు పడిపోతున్నాయి. గ్రాఫిక్స్ కార్డు మార్చాలా? – హైదరాబాద్

జవాబు: ఆగండి, డబ్బులు వృథా కావచ్చు. డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లు) డిస్‌ప్లే చూడండి. ‘మెయిన్ థ్రెడ్’ వల్ల ఆగుతోందని చూపిస్తే భారం ప్రాసెసర్ మీద ఉంది. స్క్రీన్లు గీయడం, సిస్టమ్‌ల లెక్కలు చాలావరకు దాని పనే. సెట్టింగ్స్‌లో గ్లాస్ కాక్‌పిట్ రిఫ్రెష్ రేట్ తగ్గించండి, టెరైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్ కొంచెం దించండి, ట్రాఫిక్ తగ్గించండి. అయినా లాభం లేకపోతే రైజెన్ 7 7800ఎక్స్3డీ లాంటి ఎక్కువ క్యాష్ మెమరీ ఉన్న ప్రాసెసర్ గురించి ఆలోచించండి.

ప్రశ్న: షంషాబాద్‌కి ఛార్ట్‌లో ఉన్న అప్రోచ్ (దిగే మార్గం) నా విమానం ఎఫ్ఎమ్‌ఎస్‌లో (దారి చూపే కంప్యూటర్‌లో) కనిపించడం లేదు. – గుంటూరు

జవాబు: నావిగేషన్ డేటా పాతదై ఉంటుంది. ప్రపంచమంతా ఏఐఆర్ఏసీ అనే అంతర్జాతీయ పద్ధతిలో 28 రోజులకోసారి ఈ డేటా మారుతుంది. ఈ డేటా ఇచ్చే నావిగ్రాఫ్ సంస్థ చందా తీసుకుంటే కొత్త సైకిల్ దించుకోవచ్చు. అయితే సిమ్ డేటా వేరు, విమానం యాడ్-ఆన్ సొంతంగా పెట్టుకునే డేటా వేరు. రెండింటినీ అప్‌డేట్ చేసి, కాక్‌పిట్ స్టేటస్ పేజీలో కొత్త తేదీలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి.