కుటుంబ పాఠం చెప్పబోయే బిడ్డకు

బిడ్డా,

కుటుంబం, సంబంధాల గురించి యూనివర్సిటీలో చెప్పాలంటే ముందు సబ్జెక్టు తేల్చుకో. ఈ పాఠం సోషియాలజీలో ఉంది, సోషల్ వర్క్‌లో ఉంది, హోమ్ సైన్స్‌లోనూ ఉంది. యూజీసీ నెట్‌లో, అంటే లెక్చరర్ అర్హత పరీక్షలో, మాత్రం మూడూ వేర్వేరు. పోస్టు పడ్డప్పుడు నీ పీజీ, నెట్ ఆ సబ్జెక్టుకు సరిపోకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. పీజీలో 55 శాతం కావాలి, ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, వికలాంగులకు 50. పరీక్షలో 150 ప్రశ్నలు, 300 మార్కులు. తప్పుకు కోత లేదు, ఒక్కటీ వదలకు.

అసలు కష్టం క్లాసులో. వంశవృక్షం గీయిస్తావు కదా: మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, దగ్గరి చుట్టరికపు పెళ్లికి జంట గీత. తాతల తరంతో, పెన్సిల్‌తోనే మొదలుపెట్టించు. అక్క కూతుర్ని చేసుకున్న మేనమామ దగ్గర మన పిల్లలు చిక్కుపడతారు. ఇద్దరిదీ ఒకే తరం కాదు, ఆ గీత ఏటవాలుగా పోవాలి. మేనరికాన్ని వెనకబాటుతనమని తీసిపారేయకు, ఆ పెళ్లిళ్లలో పుట్టినవాళ్లే ఎదురుగా కూర్చుంటారు. పిల్లలకు వంశపారంపర్య జబ్బుల ముప్పు పెరుగుతుందని చెప్పు, భూమి చేజారకూడదనే లెక్క కూడా ఉందని చెప్పు.

ఎవరి సొంత ఇల్లూ గీయించకు. తండ్రి తాగుడు, రెండో పెళ్లి, అన్నీ చార్టెక్కుతాయి. మర్నాటి నుంచి ఆ పిల్ల క్లాసుకు రాదు. కల్పిత కుటుంబం నువ్వే రాసివ్వు. తల్లిదండ్రులు పుణెలో కూలికి, పిల్లలు కోస్గి దగ్గరి ఊళ్లో నానమ్మ దగ్గర. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లను జనగణన ఒక కుటుంబంగా లెక్కిస్తుంది. "మరి పైసలు పంపే కొడుకు ఏ ఇంటివాడు?" అని అడిగి చూడు, గంట సరిపోదు.

క్లాసయ్యాక ఎవరో ఒకరు నీ గది ముందు నిలబడతారు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకు. 18 నిండనివాళ్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలంటుంది 2012 పోక్సో చట్టం. డిగ్రీ మొదటి ఏట 17 ఏళ్లవాళ్లుంటారు. ఆ హద్దు ముందే చెప్పి, తర్వాత విను. ఇంట్లో కొడుతున్నారంటే హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే జిల్లా సఖి కేంద్రం, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు చూపించు. నువ్వే రాజీకి దిగకు, ఆమె వద్దంటే ఇంటికి ఫోన్ చెయ్యకు. సంగతి బయటపడిందని చదువు మాన్పించి పెళ్లి చేసే ఇళ్లున్నాయి.

మొదటి సెమిస్టర్‌కు రెండు మూడు కల్పిత కుటుంబాలు రాసి పంపు, దిద్ది పంపుతాను.