మెదడు గురించి చదవాలనుంది... సైకాలజీయా, న్యూరోసైన్సా, మెడిసినా?

ప్రశ్న: స్కూలు చదువు చివరి ఏడాదిలో ఉన్నాను. బయాలజీ ఇష్టం. మనుషులు ఎందుకు అలా ప్రవర్తిస్తారు, మెదడు ఎలా పనిచేస్తుంది అన్న విషయాలు ఎంత చదివినా విసుగు రాదు. సైకాలజీలో చేరాలా, న్యూరోసైన్స్‌లోనా? లేక మెడిసిన్ తప్ప దారి లేదా? లెక్కలంటే కొంచెం భయం. కప్పను కోయడం నా వల్ల కాదు. ఆన్‌లైన్ పరీక్ష ఒకటి రాస్తే నాది ‘రైట్ బ్రెయిన్’ అని వచ్చింది, మరి సైన్స్‌కు పనికొస్తానా? ఇవి చదివితే ఉద్యోగం ఎవరిస్తారని నాన్న అడుగుతున్నారు.

జవాబు: మెదడంటే ఇష్టం అన్నంత మాత్రాన కోర్సు తేలదు. ఎలాంటి జవాబు దొరికితే మీకు తృప్తిగా ఉంటుందన్నదే అసలు విషయం. ‘భయం ఎందుకు వేస్తుంది?’ అనే ప్రశ్ననే తీసుకోండి. ఏ కణాలు స్పందించాయో తెలిస్తే ఒకరికి చాలు. ఏ జన్యువు మారిందో తెలిస్తే గానీ ఇంకొకరికి నిద్రపట్టదు. ఆ మనిషి ప్రపంచాన్ని ఎలా చూస్తున్నాడన్నది వేరొకరికి కావాలి. మరొకరికి ఇవేవీ పట్టవు, ఆ భయాన్ని తగ్గించగలిగితే చాలు. ప్రశ్న ఒకటే అయినా ఈ నలుగురూ చదవాల్సినవి నాలుగు వేర్వేరు చదువులు.

ఈ రంగంలో అందరికీ తెలిసిన ఒక కేసు చెబుతాను. పరిశోధన పత్రాల్లో ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతో కనిపించే ఒక మహిళకు ఉర్బాక్ వీతె అనే అరుదైన జన్యు వ్యాధి ఉంది. దానివల్ల ఆమె మెదడులో రెండు వైపులా అమిగ్డలా దెబ్బతింది. బాదం గింజ ఆకారంలో ఉండే చిన్న భాగం అది. ముఖాలు చూపించి భావాలు గుర్తుపట్టమంటే ఆమె సంతోషాన్ని గుర్తుపట్టగలిగింది గానీ, భయాన్ని సరిగా గుర్తుపట్టలేకపోయింది. 1994లో ఈ ఫలితం వెలువడినప్పుడు, అమిగ్డలాయే భయాన్ని గుర్తించే కేంద్రమని చాలామంది అనుకున్నారు.

కథ అక్కడితో ఆగలేదు. ఎదుటివాళ్ల ముఖంలో ఆమె చూపు ఎక్కడ నిలుస్తోందో కొలిచి చూస్తే, ఆమె కళ్ల వైపు చూడటమే లేదని తేలింది. భయం ఎక్కువగా కనిపించేది కళ్లలోనే కదా! ‘కళ్లను చూడండి’ అని చెప్పగానే ఆమె భయాన్ని మామూలు మనుషుల్లాగే గుర్తుపట్టింది. గుర్తుచేయడం మానేస్తే మళ్లీ మొదటికే వచ్చింది. 2005లో వచ్చిన ఈ పరిశోధనతో ప్రశ్నే మారిపోయింది. లోపం భయాన్ని అర్థం చేసుకోవడంలో కాదు, ఎక్కడ చూడాలో మెదడు తనంతట తాను నిర్ణయించుకోవడంలో ఉందన్నమాట.

తర్వాత పాములు, సాలీళ్లు అమ్మే దుకాణానికి ఆమెను తీసుకెళ్లారు. అవంటే అసహ్యమని ముందు చెప్పిన మనిషే అక్కడ పామును చేతుల్లోకి తీసుకుని చూసింది. భయం జాడే లేదు. ఇక ఈమెకు భయమనేదే లేదని అందరూ నిర్ధారణకు వచ్చేవాళ్లే, కానీ 2013లో ఇంకో ఫలితం వచ్చింది. 35 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిని ఒక్కసారి పీల్పిస్తే ఆమె హడలిపోయింది. అమిగ్డలా దెబ్బతిన్న మరో ఇద్దరు కవల అక్కచెల్లెళ్లకూ అదే జరిగింది. అంటే శరీరం లోపలి నుంచి వచ్చే ప్రమాద సూచనకు అమిగ్డలా లేకుండానే భయం పుట్టగలదు.

ఈ ఒక్క కేసు వెనక ఎవరెవరు పనిచేశారో చూడండి. ముఖాల పరీక్ష తయారుచేసింది సైకాలజీ పద్ధతులు తెలిసినవాళ్లు. చూపును కొలవడానికి పర్సెప్షన్ (కళ్లు, చెవుల ద్వారా వచ్చేదాన్ని మెదడు గ్రహించే తీరు) పరిశోధన, యంత్రాలు, ప్రోగ్రామింగ్ కావాలి. ఆ వ్యాధికి కారణం ఈసీఎం1 అనే జన్యువులో మార్పు అని కనిపెట్టింది జన్యుశాస్త్రం. కార్బన్ డయాక్సైడ్ ప్రయోగానికి శ్వాస, రక్తంలోని ఆమ్లత తెలిసిన ఫిజియాలజీ అవసరం. స్కాన్ చూసి ఏ భాగం దెబ్బతిందో చెప్పడానికి డాక్టర్లు ఉండనే ఉన్నారు. ఇప్పుడు పై రెండు మూడు పేరాలు మళ్లీ చదవండి. ఎక్కడ మీకు ‘అబ్బ, ఈ పని నేను చేస్తే బావుండు’ అనిపించిందో అక్కడ గీత గీసుకోండి. మీ కోర్సు గురించి నేను చెప్పగలిగినదానికంటే ఆ గీత ఎక్కువ చెబుతుంది.

‘రైట్ బ్రెయిన్’ సంగతి త్వరగా తేల్చేద్దాం. ఆ పరీక్ష ఫలితాన్ని పక్కన పడేయండి. తీవ్రమైన మూర్ఛ వ్యాధికి చికిత్సగా మెదడు రెండు అర్ధభాగాలను కలిపే నాడీతంతువుల కట్టను కత్తిరించిన రోగులపై రోజర్ స్పెర్రీ పరిశోధనలు చేశారు. ఆ రెండు భాగాలు కొన్ని పనుల్లో వేర్వేరుగా పనిచేస్తాయని చూపినందుకు ఆయనకు 1981లో నోబెల్ వచ్చింది. భాష ఎక్కువమందిలో ఎడమవైపు మీద ఎక్కువ ఆధారపడుతుందన్నది నిజమే. దాన్ని సాగదీసి, కొందరు కుడి మెదడు మనుషులు, కొందరు ఎడమ మెదడు మనుషులు అనడం మాత్రం వట్టి ప్రచారం. వేలిముద్రలు తీసుకుని పిల్లల మెదడు సామర్థ్యం చెబుతామనేవాళ్లదీ ఇదే బాపతు, వాటికి శాస్త్రీయ ఆధారం లేదు. ఇంతకీ స్పెర్రీ ఏం చదివారో తెలుసా? డిగ్రీలో ఇంగ్లిష్ సాహిత్యం, ఎంఏలో సైకాలజీ, పీహెచ్‌డీ జువాలజీలో. ఆ పరీక్ష ఆయన రాసుంటే ఏ మెదడని తేల్చేదో!

మెడిసిన్ తప్ప దారి లేదా అన్నారు. చాలా దారులున్నాయి. ఎలుక ఒక గదిలో ఫలానా చోటికి రాగానే స్పందించే ‘ప్లేస్ సెల్స్’ను 1971లో వెల్లడించిన జాన్ ఓకీఫ్ పీహెచ్‌డీ చేసింది ఫిజియలాజికల్ సైకాలజీలో. 2014లో ఆయనతో పాటు వైద్యశాస్త్రంలో నోబెల్ పంచుకున్న మే బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ కూడా సైకాలజీ నుంచే వచ్చారు. పిల్లి మెదడులో చూపు ఎలా పనిచేస్తుందో తేల్చిన డేవిడ్ హ్యూబెల్ ముందు లెక్కలు, ఫిజిక్స్ చదివి, తర్వాత మెడిసిన్‌కు వెళ్లారు. వీళ్లవన్నీ అసాధారణమైన జీవితాలే అనుకోండి. అయినా ఈ రంగంలోకి రావడానికి ఒకే గేటు లేదని చెప్పడానికి సరిపోతాయి.

ఒక్క విషయంలో మాత్రం మినహాయింపు లేదు. రోగులకు మందులు రాయాలన్నా, ఆపరేషన్ చేయాలన్నా మెడిసిన్ చదవాల్సిందే, తర్వాత సైకియాట్రీయో న్యూరాలజీయో న్యూరోసర్జరీయో చేయాలి. మందులు లేకుండా మాటలు, శిక్షణలతో చికిత్స చేయాలంటే క్లినికల్ సైకాలజీ. దానికి డిగ్రీ ఒక్కటే చాలదు, ఆ తర్వాత గుర్తింపు ఉన్న శిక్షణ కావాలి. ఈ తేడా తెలియక సైకాలజీ డిగ్రీ అవగానే కౌన్సెలింగ్ బోర్డు పెట్టేయొచ్చనుకునే పిల్లలు నాకు తరచూ కనిపిస్తుంటారు.

ఇక లెక్కలు. ఇక్కడ మిమ్మల్ని ఊరడించి పంపలేను. 2009లో కొందరు పరిశోధకులు చచ్చిపోయిన ఒక సాల్మన్ చేపను, మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించారు. మామూలుగా చేసే లెక్కలో ఒక దిద్దుబాటు చేయకుండా వదిలేస్తే, చేప మెదడులో కొన్ని చుక్కలు ‘స్పందించినట్టు’ వెలిగాయి. స్కానర్ ఒకేసారి వేలకొద్దీ చుక్కలను కొలుస్తుంది, వాటిలో కొన్ని కేవలం యాదృచ్ఛికంగా వెలుగుతాయి. ఆ దిద్దుబాటు చేయగానే చేప మళ్లీ చచ్చిన చేపే అయింది. పరిశోధన పత్రాల్లో రంగురంగుల మెదడు బొమ్మలు చూసి ఈ రంగాన్ని ఇష్టపడేవాళ్లు చాలామంది. ఆ రంగులన్నీ స్టాటిస్టిక్స్ వేసినవే. అందుకని, కష్టమైన కాలిక్యులస్ రాకపోయినా నడిచే శాఖలు ఉన్నాయి గానీ, స్టాటిస్టిక్స్ రాకుండా నడిచేది ఒక్కటీ లేదు. మీ భయం పరీక్షల టెన్షన్ వల్ల వచ్చిందైతే పోతుంది. అంకెలు కనిపిస్తే పేజీ తిప్పేసే అలవాటైతే మాత్రం ఇప్పుడే ఆలోచించుకోవాలి.

కప్ప గురించి బెంగ వద్దు. మనుషులతోనే, వాళ్ల సమ్మతితోనే చేసే పరిశోధన ఎంతో ఉంది. తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల నమోదు) తీయడం, కంటి కదలికలు కొలవడం, శబ్దాలో రంగులో వినిపించి చూపించి స్పందన రాసుకోవడం, ఇవన్నీ అలాంటివే. జువాలజీ, ఫిజియాలజీ డిగ్రీల్లో ప్రాక్టికల్స్ వేరుగా ఉంటాయి కాబట్టి చేరేముందు అడిగి తెలుసుకోండి.

నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే. పరిశోధన దారి పొడుగు. డిగ్రీ, పీజీ, నాలుగైదేళ్లో ఇంకా ఎక్కువో పట్టే పీహెచ్‌డీ, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు తాత్కాలిక పోస్టులు. ప్రొఫెసర్ ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. ఈ మాట దాచి మిమ్మల్ని ఉత్సాహపరచడం నాకిష్టం లేదు. కానీ ఈ చదువుతో పనికొచ్చే ఉద్యోగం ప్రొఫెసర్‌గిరీ ఒక్కటే కాదు. చెవుడుకు పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్‌ను మనిషికి తగ్గట్టు సరిచేసి, వినడం నేర్పే ఆడియాలజిస్టులు ఉన్నారు. పక్షవాతం తర్వాత మాట తిరిగి నేర్పే స్పీచ్ థెరపిస్టులు, నిద్ర ల్యాబుల్లోనూ న్యూరాలజీ విభాగాల్లోనూ రికార్డింగులు చేసే టెక్నాలజిస్టులు ఉన్నారు. విమానం కాక్‌పిట్‌లో హెచ్చరిక దీపం ఎక్కడుంటే పైలట్ కంటపడుతుందో తేల్చే హ్యూమన్ ఫ్యాక్టర్స్ నిపుణులూ, మందుల ట్రయల్స్ నడిపేవాళ్లూ ఈ చదువుల నుంచే రావచ్చు. వీటిలో మొదటి రెండింటికీ విడిగా వృత్తి కోర్సులుంటాయి, త్వరగా సంపాదన కావాల్సిన ఇంట్లో నేను ముందు చెప్పేది వాటి గురించే. పేరుకు ముందు ‘న్యూరో’ తగిలించి అమ్మే వారం రోజుల సర్టిఫికెట్లకు మాత్రం డబ్బు కట్టకండి.

నిర్ణయం తీసుకునే ముందు చిన్న పని చేయండి. 30 సెంటీమీటర్ల స్కేలును ఎవరినైనా పైనుంచి పట్టుకుని వదలమనండి, మీరు కింద వేళ్లతో పట్టుకోవాలి. 20 సెంటీమీటర్లు జారాక పట్టుకుంటే మీకు దాదాపు 0.2 సెకన్లు పట్టినట్టు. కళ్లతో చూస్తూ ఇరవైసార్లు, కళ్లు మూసుకుని ‘వదిలా’ అన్న మాట విని ఇరవైసార్లు చేసి అంకెలు రాసుకోండి. చూపుకంటే వినికిడికి స్పందన వేగంగా ఉంటుందని పుస్తకాల్లో ఉంటుంది. మీ అంకెలు అలా రాకపోవచ్చు. మాట అనడం, స్కేలు వదలడం సరిగ్గా ఒకేసారి జరగకపోవచ్చు, వదిలే మనిషి ముఖం చూసి మీరు ముందే ఊహిస్తూ ఉండొచ్చు, నలభయ్యో సారికి చెయ్యి అలిసిపోయి ఉండొచ్చు. వీటిలో ఏది కారణమో, దాన్ని ఎలా తప్పించాలో మర్నాడు కూడా మీ బుర్రలో తిరుగుతూ ఉంటే ప్రయోగశాల మీకు నప్పుతుంది. పదోసారికే విసుగొచ్చి, స్కేలు వదిలే మనిషితో కబుర్లలో పడితే అదీ తప్పేం కాదు, కౌన్సెలింగ్, థెరపీ వైపు ఆలోచించండి.

ఉత్తరం చదివినంతలో మీకు కణాలకంటే మనుషుల మీదే ఆసక్తి ఎక్కువనిపించింది. నేనైతే సైకాలజీ డిగ్రీ, అందులో బయలాజికల్ సైకాలజీ పేపరు, పక్కన బయాలజీ సబ్జెక్టు ఉండేలా చూసుకుని, పీజీలో కాగ్నిటివ్ న్యూరోసైన్స్ (ఆలోచన, జ్ఞాపకం, చూపు లాంటివి మెదడులో ఎలా జరుగుతాయో చదివే శాఖ) వైపు వెళ్లమంటాను. కాలేజీ ఎంచుకునేటప్పుడు సిలబస్ తెరిచి మూడు విషయాలు చూడండి: స్టాటిస్టిక్స్ కనీసం రెండు సెమిస్టర్లు ఉందా, విద్యార్థులు స్వయంగా ప్రయోగాలు చేసే ల్యాబ్ ఉందా, చివరి ఏడాదిలో సొంత ప్రాజెక్టు ఉందా. మూడూ ఉంటే చేరండి. రెండు లేకపోతే ఆ కోర్సు పేరు ఎంత గొప్పగా ఉన్నా ఇంకో కాలేజీ వెతకండి.