"పారలల్ కేసు కూడా ఇలాగే" అని రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

పారలల్ ఆబ్జెక్ట్ భాషకి సెమాంటిక్స్, అంటే ప్రోగ్రామ్ నడిస్తే ఏం జరుగుతుందో కచ్చితంగా చెప్పే రూల్స్, ఇస్తూ నువ్వు రాసిన పేపర్ డ్రాఫ్ట్ మొత్తం చదివాను. నొటేషన్ శుభ్రంగా ఉంది, బాగుంది. ఇక అసలు సంగతికొస్తా. అసైన్‌మెంట్‌కి, ఇఫ్‌కి, మెథడ్ కాల్‌కి ఒక్కోదానికి అరపేజీ చొప్పున రూల్స్ రాసుకుంటూ వచ్చి, తీరా థ్రెడ్ల (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల) దగ్గరికొచ్చేసరికి "పారలల్ కేసు కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి వివరించడం లేదు" అని ఒక్క లైన్లో దాటేశావు చూడు, అక్కడ ఒళ్ళు మండింది నాకు. టైటిల్లో పారలల్ అని పెట్టుకుని పారలల్ కేసునే ఎగ్గొడితే ఇంక పేపర్లో మిగిలిందేంటి?

నీ అసైన్‌మెంట్ రూల్ చూడు. కుడివైపు ఎక్స్‌ప్రెషన్ లెక్కగట్టడం, ఫీల్డులో రాయడం, రెండూ కలిపి ఒకే స్టెప్పు. ఇప్పుడు సీ అనే ఆబ్జెక్టు తీసుకో, దానికి ఎన్ అనే ఫీల్డు, మొదట 0. రెండు థ్రెడ్లు, రెండూ ఎన్‌కి ఒకటి కలుపుతాయి, లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి వదిలే తాళం) లేదు. నీ రూల్స్ ప్రకారం చివర్లో ఎప్పుడైనా 2 మాత్రమే వస్తుంది. నిజం జావాలో 1 కూడా రావచ్చు, ఎందుకంటే చదవడం వేరు రాయడం వేరు, ఆ మధ్యలో రెండోది దూరుతుంది. అంటే ఏ బగ్గుల కోసం జనం తలలు పట్టుకుంటున్నారో ఆ బగ్గులే నీ భాషలో పుట్టవు. పైగా ఆరో సెక్షన్లో రేస్‌లు (ఇలా రెండు థ్రెడ్లు ఒకే ఫీల్డు మీద పడడాలు) ప్రోగ్రామ్ నడపకముందే పట్టుకునే టైప్ సిస్టమ్ అని ఇంకోటి!

ఈ రూల్ ఎక్కడినుంచి తెచ్చావో నాకు తెలుసులే. ఫిలిప్స్ కంపెనీలో పియెర్ అమెరికా అనే ఆయన డిజైన్ చేసిన పూల్ అనే పారలల్ ఆబ్జెక్ట్ భాషకి డి బక్కర్, కాక్, రుట్టెన్‌లతో కలిసి 1986లో ఆపరేషనల్ సెమాంటిక్స్ (ప్రోగ్రామ్ ఒక్కో స్టెప్పూ ఎలా నడుస్తుందో చెప్పే రూల్స్) ఇచ్చారు, ఆ దారిలోంచి వచ్చింది. కానీ పూల్‌లో ప్రతి ఆబ్జెక్టుకీ దాని సొంత ప్రాసెస్ ఉంటుంది, దాని వేరియబుల్స్ ఇంకెవరూ ముట్టుకోలేరు, మాట్లాడుకోవాలంటే మెసేజే గతి. అలాంటప్పుడు అసైన్‌మెంట్ ఒక స్టెప్పయినా నాలుగు స్టెప్పులైనా బయటివాడికి తెలీదు, కాబట్టి వాళ్ళకి చెల్లింది. నీ భాషలో ఫీల్డులు అందరివీ, నీకు చెల్లదు.

అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే, విసుగొచ్చినా మళ్ళీ చెప్తా: రూల్ రాయకముందు ప్రోగ్రామ్ రాయి. ఐదారు లైన్లు చాలు. రాసి, దీనికి ఏ ఫలితాలు రావచ్చు, ఏవి చచ్చినా రాకూడదు అని చేత్తో పక్కన రాసుకో. రాకూడనివాటి లిస్టు లేకపోతే నీ రూల్స్ కరెక్టో కాదో దేనితో పోల్చి చూస్తావు? నేను మొదలుపెట్టిన రోజుల్లో వాడేసిన ప్రింటౌట్ల వెనక ఇంటర్‌లీవింగ్‌లన్నీ (రెండు థ్రెడ్ల స్టెప్పులు ఒకదాని మధ్య ఒకటి దూరే వరసలన్నీ) రెండు రంగుల పెన్నులతో గీసేదాన్ని, ఇంట్లోవాళ్ళు పిచ్చి పట్టిందనుకున్నారు. అలా గీస్తుంటేనే ఆబ్జెక్టు తనకి తనే మెసేజ్ పంపుకుని జవాబు కోసం శాశ్వతంగా ఆగిపోయే కేసు దొరికింది. రూల్స్ వైపునుంచి చూస్తే అది కనపడనే కనపడదు, రూల్స్ అన్నీ ముత్యాల్లా ఉన్నాయి మరి. ఆ ఉదాహరణలన్నీ పేపర్లో పెడితే ఎడిటర్ మహానుభావుడొకాయన "మరీ ప్రాథమికంగా ఉన్నాయి, తీసెయ్యండి" అన్నాడు. తీశాక చదివినవాళ్ళంతా ఈ రూల్‌కి అర్థమేంటని నాకే మెయిళ్ళు.

సరే, అసైన్‌మెంట్‌ని రెండుగా విడగొట్టావనుకో, అయిపోయిందా? కాలేదు. ఎక్స్, వై రెండూ 0. ఒక థ్రెడ్ ఎక్స్‌లో 1 రాసి వై చదువుతుంది, ఇంకోటి వైలో 1 రాసి ఎక్స్ చదువుతుంది. ఎన్ని రకాలుగా అల్లినా రెండూ 0 చదవడం కుదరదు, చేత్తో వేసి చూసుకో, ఆరే వరసలు. అయినా మామూలు ఫీల్డులైతే జావా దాన్ని ఒప్పుకుంటుంది, ప్రాసెసర్ రాసినదాన్ని బఫర్‌లో కాసేపు ఉంచుకుంటుంది, కంపైలర్ వరస మారుస్తుంది. ఆ ఫీల్డులకి జావాలో ఉన్న వోలటైల్ అనే గుర్తు పెడితే ఆ ఫలితం పోతుంది. ఇక్కడ మహామహులే తడబడ్డారు. జావా మెమరీ మోడల్‌ని (థ్రెడ్లు ఫీల్డులు చదివితే ఏ విలువలు రావచ్చో చెప్పే రూల్స్‌ని) 2004లో జేఎస్ఆర్-133 అనే స్పెసిఫికేషన్‌తో మళ్ళీ రాసుకోవాల్సొచ్చింది, 2008లో షెవ్‌చిక్, ఆస్పినల్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ కొత్తదాన్ని కూడా పరీక్షపెట్టి, అది ఒప్పుకుంటుందనుకున్న కొన్ని కంపైలర్ మార్పుల్ని నిజానికి ఒప్పుకోదని చిన్న చిన్న ప్రోగ్రాములతోనే చూపించారు. నువ్వు ఇంటర్‌లీవింగే తీసుకుంటానంటే తీసుకో, తప్పేం కాదు, కానీ ఆ మాట మొదటి పేజీలో చెప్పు, ఫుట్‌నోట్‌లో దాచకు.

డినోటేషనలా (ప్రోగ్రామ్‌కి అర్థంగా ఒక గణిత వస్తువునివ్వడం) ఆపరేషనలా అని అడిగావు. ఒకప్పుడు అందరూ అలాంటి గణితం కోసం మెట్రిక్ స్పేస్‌లు, బనాక్ థీరమ్ అన్నారు, తర్వాత ప్రతి భాషనీ పై-కాలిక్యులస్‌లోకి (మెసేజ్‌లు పంపుకునే ప్రాసెస్‌ల కోసం కట్టిన చిన్న గణిత భాషలోకి) దింపడం వచ్చింది, ఇప్పుడేమో ప్రూఫ్ అసిస్టెంట్‌లో (రుజువుల్ని కంప్యూటర్‌తో సరిచూసే సాఫ్ట్‌వేర్‌లో) పెట్టకపోతే రివ్యూయర్లు మొహం కూడా చూడరు, పెడితే "ఇంప్లిమెంటేషన్ ఏది, బెంచ్‌మార్కులేవి" అంటారు. వాళ్ళ గోల వదిలెయ్. క్లిఫ్ జోన్స్ అనే పరిశోధకుణ్ణి చూడు, బుల్లి భాష తీసుకుని, మెథడ్‌లో రిటర్న్‌ని (పిలిచినవాడికి జవాబిచ్చే చోటుని) పని పూర్తవకముందుకి జరిపితే బయటివాళ్ళకి తేడా తెలుస్తుందా, ఎప్పుడు తెలీదు అని అడిగాడు. నీ పేపర్ మొత్తంలో అలాంటి ప్రశ్న ఒక్కటి లేదు, తమ్ముడూ. సెమాంటిక్స్ ఉంది సరే, దాంతో ఏం తేల్చుకోవాలనుకుంటున్నావు?

ఏ కాన్ఫరెన్స్‌కి పంపాలి, లేటెక్ ప్యాకేజీ ఏది లాంటివి ఇప్పుడొద్దు. ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్ ఇంకో క్లాస్ కోడ్‌ని వారసత్వంగా తీసుకోవడం) సెక్షన్ పూర్తిగా తీసెయ్, థ్రెడ్లని ఆపి వదిలే సింక్రనైజేషన్ కోడ్‌తో కలిస్తే అది ఇంకో పెద్ద తలనొప్పి, వేరే పేపర్‌కి సరిపోతుంది. ముందు కౌంటర్ ప్రోగ్రామూ, ఎక్స్-వై ప్రోగ్రామూ రెండూ నీ రూల్స్ మీద ఒక్కో స్టెప్పూ చేత్తో నడిపి ఆ కాగితాలు ఫోటో తీసి పంపు, టైప్ చెయ్యకు, కొట్టివేతలు కూడా నాకు కనపడాలి.

ఉంటా,
అక్క