జెనోపస్ పిండాలు గాస్ట్రులా దశలో తిరగబడుతుంటే: ముందు ఉప్పు చూడండి

ఆర్ఎన్ఏ ఇంజెక్ట్ చేసిన జెనోపస్ (ఆఫ్రికా కప్ప) పిండాలు ఎందుకిలా తిరగబడుతున్నాయని అడిగారు. ఉప్పు ఎక్కువైంది, అంతే. బ్లాస్టులా (బోలు బంతిలా ఉండే దశ) దాకా బాగున్న పిండాలకి తెల్లారేసరికి పచ్చసొన భాగం లోపలికి పోకుండా బయటే వేలాడుతోందన్నారు. కణాల పొరలు లోపలికి ముడుచుకునే గాస్ట్రులేషన్ ఇలా బయటికి తిరగబడితే అది ఎక్సోగాస్ట్రులేషన్. ఇంజెక్ట్ చెయ్యని కంట్రోళ్లూ (పోల్చడానికి పెట్టిన పిండాలు) అదే డిష్‌లో అలాగే అయ్యాయంటున్నారు కాబట్టి మీ ఆర్ఎన్ఏని అనుమానించక్కర్లేదు. (1933లో పిండశాస్త్రవేత్త హోల్ట్‌ఫ్రెటర్ ఉప్పు ద్రావణంతో కావాలనే ఇలా చేశాడు లెండి.)

1. ఇంజెక్షన్ అయ్యాక గాయం పూడేందుకు రెండు మూడు గంటలు ఫైకాల్ (చక్కెర పాలిమర్) కలిపిన ఎంఎంఆర్‌లో (పిండాల్ని పెంచే ఉప్పు ద్రావణం) ఉంచండి.

2. తొమ్మిదో దశ (బ్లాస్టులా చివర) దాటకముందే 0.1 రెట్ల, అంటే పదోవంతు గాఢత ఉన్న, ఎంఎంఆర్‌లోకి మార్చండి. 23 డిగ్రీల దగ్గర ఫలదీకరణ జరిగిన సుమారు 9 గంటలకే గాస్ట్రులేషన్ మొదలవుతుంది. మధ్యాహ్నం మొదలుపెడితే అది మీరు ఇంటికెళ్లాక జరిగే పని.

3. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పాత ద్రావణం మీదే పల్చటి ఎంఎంఆర్ పోసేస్తారు. ఫైకాల్ బరువు కదా, అడుగున పిండాల చుట్టూ అలాగే ఉండిపోతుంది. డిష్ కాస్త వంచి చూడండి, నీళ్లలో పంచదార పాకం పోసినట్టు చారలు కదులుతాయి. వెడల్పు మూతి పిపెట్‌తో, వీలైనంత తక్కువ ద్రావణంతో, పిండాల్ని కొత్త డిష్‌లోకి తియ్యండి. అక్కణ్ణించి ఇంకో డిష్‌లోకి. చారలు పూర్తిగా పోవాలి.

4. ఆ తర్వాతే 16 డిగ్రీల ఇంక్యుబేటర్. చల్లదనం పెరుగుదలని నెమ్మదింపజేస్తుంది, ఉప్పుని తగ్గించదు.

5. తెల్లగా ఉబ్బినవి కనబడగానే ఏరేయండి. ఒకటి చితికితే పక్కవీ పాడవుతాయి.

ఇప్పటికే తిరగబడినవి కోలుకోవు, పారేయండి.